డాన్యూబ్ మీద వెళ్తానన్న హారికకి

చిరంజీవి హారికకు పెదనాన్న దీవెనలు.

జూన్ మొదట్లో డాన్యూబ్ నది మీద, జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ నుంచి హంగరీలోని బుడాపెస్ట్ దాకా కయాక్‌లో, అంటే ఆ సన్నటి తెడ్డు పడవలో, అదీ ఒక్కదానివే వెళ్తున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి "మీరైనా ఆపండి బావగారూ" అంది. ఆస్ట్రియాలోని లింజ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు దొరికితే ఆ నది మీదే ఉన్నవాణ్ణి, నేనెలా ఆపుతాను? మన ఇంటి పిల్ల 800 కిలోమీటర్లు తెడ్డేస్తుందంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

నీళ్లు, టోపీ, తడవని సంచులు, పడవ లాక్కెళ్లడానికి చిన్న చక్రాల బండి, ఎమర్జెన్సీకి 112. ఇవి నీకు తెలిసినవే.

గట్టు మీద కిలోమీటర్ బోర్డులు చూసి కంగారు పడకు, అవి నల్ల సముద్రం దగ్గర సులినా నుంచి ఎగువకి లెక్క. పాసావ్ 2226, వియన్నా 1929, బుడాపెస్ట్ 1647. ఏ రాత్రి ఎక్కడ ఆగినా ఆ నంబరు అమ్మకి మెసేజ్ పెట్టు, ఆవిడ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. అలలకి, సుడులకి అందరూ భయపడతారు. నా భయం వేరు. ఒడ్డున కట్టేసిన బార్జ్‌లు, పంట్లు. చూడ్డానికి కదలకుండా పడి ఉంటాయి, కింద నుంచి మాత్రం నది పోతూనే ఉంటుంది. ఆస్ట్రియాలో వాఖావ్ లోయలో డ్యామ్ అడ్డం లేక నీరు జోరుగా పారుతుంది. అక్కడ నాతో వచ్చిన ఒక స్నేహితుడు, చాలా ఏళ్ల అనుభవం ఉన్నవాడు, మధ్యాహ్నం ఎండకి అలసిపోయి ఎదురుగా కనిపించిన రేవులో దిగుదామని పడవ ముక్కు దిగువకే పెట్టి అడ్డంగా ఒడ్డుకి కోశాడు. రేవుకి కాస్త ఎగువన ఒక బార్జ్ కట్టేసి ఉంది. దాన్ని దాటిపోతాననుకున్నాడు, ఉరవడి దాటనివ్వలేదు, పడవ పక్కవాటుగా వెళ్లి బార్జ్ ముఖానికి అతుక్కుంది. అప్పుడు ఎవరైనా చేసేదే చేశాడు. బార్జ్‌ని చేత్తో నెడుతూ ఒళ్లు ఇవతలికి, ఎగువ వైపుకి వంచాడు. అంతే, ఆ అంచు మీదుగా నీళ్లెక్కి పడవ రెప్పపాటులో బోర్లా పడింది. నేను వెనకాల కొంచెం దూరంలో ఉన్నాను, అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. బార్జ్ మీద పనివాడొకడు పడుకుని చెయ్యి చాచి లైఫ్ జాకెట్ పట్టీ దొరకబుచ్చుకున్నాడు. ఆ పట్టీ బిగించి ఉంది కాబట్టి మనిషి దక్కాడు, పడవ మాత్రం కిందికి పోయింది. ఆ పూట వాడి చేతులు వణకడం ఇంకా నా కళ్లలో ఉంది. నువ్వు ఫోటోల్లో లైఫ్ జాకెట్‌ని పడవ వెనక కట్టేసి తిరుగుతున్నావు, చూశాను, నాకు ఒళ్లు మండింది. వేసుకోని జాకెట్ పడవలో ఎందుకమ్మా?

కట్టేసిన పడవలకి ఎప్పుడూ దూరంగా వెళ్లు, ఒడ్డుకి రావాలంటే అవన్నీ దాటాక, ముక్కు ఎగువకి తిప్పి, తెడ్డేస్తూ నెమ్మదిగా పక్కకి జరుగు. ఖర్మకాలి తగులుకుంటే దానివైపే వాలు, దాన్ని వాటేసుకున్నట్టు. మనసు ఒప్పుకోదు. అందుకే ముందే నలుగురి మధ్య, నిలకడ నీటిలో ప్రాక్టీస్ చెయ్యి.

గోదావరిలో ఈదినదాన్ని అనుకుంటావు, నిజమే, మీ నాన్న నీకు కొవ్వూరు రేవులోనే ఈత నేర్పాడు. ఆ నీరు వెచ్చన తల్లీ. పాసావ్ దగ్గర ఇన్ నది ఆల్ప్స్ మంచునీళ్లు తెచ్చి కలుపుతుంది, జూన్‌లో అందులో పడితే ముందు ఊపిరి ఎగదన్నుతుంది, ఈత తర్వాతి మాట. వానల సంగతీ అంతే, మహారాష్ట్రలో కురిస్తే రాజమండ్రిలో ఎర్రనీరు వచ్చినట్టు, నీ నెత్తిన ఎండ కాస్తున్నా నది పెరుగుతుంది. 2013 జూన్‌లో పాసావ్‌లో నీటిమట్టం 12.89 మీటర్లకి చేరింది. కాబట్టి టెంట్ గులకరాళ్ల ఒడ్డున వద్దు, మెరక మీద వెయ్యి, పడవని చెట్టుకి కట్టు.

రేగెన్స్‌బర్గ్ రాతి వంతెన కింద సుడులున్నాయి, ముందే దిగి చూడు, అనుమానముంటే మోసుకుపో, పరువేమీ పోదు. ఆస్ట్రియాలో డ్యామ్‌లు వరసగా వస్తాయి, ఓపికగా బండి మీద దాటించు. సరుకు ఓడ కెప్టెన్‌కి ముక్కు ముందు చాలా దూరం కనపడదు, వాడు చూశాడనుకోకు. బ్రాటిస్లావా దాటాక గాబ్చికోవో కాలువ గట్లు ఏటవాలుగా, నున్నగా ఉంటాయి, పడితే ఎక్కి రావడం కష్టం, గాలి లేస్తే ఆ రోజు ఆగిపో.

ఒకటి అడుగుతాను, కాదనకు. టూర్ ఇంటర్నేషనల్ డానుబియన్ అని 1956లో మొదలైన యాత్ర ఒకటుంది, వేసవిలో ఇంగోల్‌స్టాట్ నుంచే గుంపుగా నల్ల సముద్రం దాకా వెళ్తారు, కొంత దూరమే వెళ్లి దిగిపోయేవాళ్లూ ఉంటారు. జూన్ నెలాఖరుకి బయల్దేరతారు కాబట్టి నీ ప్రయాణం కొన్ని వారాలు జరిపితే చాలు. పొద్దుటే ఎవరితో మాట్లాడక్కర్లేదు, నీ పాటికి నువ్వు తెడ్డేసుకో, చీకటి పడేసరికి మాత్రం పక్కన మనుషులుంటారు.

మ్యూనిక్‌లో దుకాణానికి వెళ్లి, వేసుకుని చూసి, ఒంటికి బిగుతుగా పట్టే జాకెట్ కొనుక్కో. ధర చూడకు. ఎంతయిందో చెప్తే ఆ రోజే డబ్బు వేస్తాను.

నీ
పెదనాన్న