రొయ్యల చెరువు యాప్‌కి లక్షన్నర పెట్టి టూల్స్ కొనాలా?

ప్రశ్న: మేం భీమవరంలో నలుగురు స్నేహితులం. ఉద్యోగాలు చేసుకుంటూనే రొయ్యల రైతులు మేత లెక్క రాసుకునే యాప్ చేస్తున్నాం. తలా కొంత వేసి లక్షన్నర పోగుచేశాం. నలుగురం కోడ్ ఒకచోట దాచుకుని కలిసి రాసుకోవడానికి గిట్‌ల్యాబ్ ప్రీమియం కావాలని ఒకరు, గిట్‌హబ్ టీమ్ చాలని ఒకరు అంటున్నారు. టెస్టింగ్‌కి గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ సరిపోతుందా, ఐఫోన్ల కోసం యాపిల్ వాళ్ల టెస్ట్‌ఫ్లైట్ కూడా కావాలా?

జవాబు: గిట్‌ల్యాబ్ ప్రీమియం ఒక్కొక్కరికి నెలకు 29 డాలర్లు, ఏడాదిది ఒకేసారి కట్టాలి. నలుగురికి 1,392 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకున్నా లక్షా పాతిక వేలు దాటింది. దాని మీద 18 శాతం జీఎస్టీ, కార్డు ఫారెక్స్ మార్కప్ (డాలర్లలో కట్టినందుకు బ్యాంకు వేసే అదనపు ఛార్జీ) కూడా పడితే మీ లక్షన్నర అక్కడే సరి. ఒక్క రైతు కూడా యాప్ తెరిచి చూడకముందే! వద్దండి, గట్టిగా చెబుతున్నాను.

గిట్‌ల్యాబ్ ఉచిత ప్లాన్‌లోనే ప్రైవేటు గ్రూపుకి ఐదుగురి దాకా ఉండొచ్చు. గిట్‌హబ్‌లో 2020 నుంచి ఆ పరిమితి కూడా లేదు. లోటల్లా ఒకటే: గిట్‌హబ్ ఉచిత ప్లాన్‌లో ప్రైవేటు రెపో (కోడ్ దాచే చోటు) మెయిన్ బ్రాంచ్‌కి, అంటే అసలు కోడ్ ఉండే శాఖకి, తాళం వేయలేరు, ఎవరైనా పొరపాటున నేరుగా అందులోకి మార్పులు పుష్ చేస్తే (ఎక్కిస్తే) ఆపేది ఉండదు. అది టెన్షన్ అనిపిస్తే రెపో ఎవరి పేరు మీద ఉందో వాళ్లొక్కరే గిట్‌హబ్ ప్రో ప్లాన్ తీసుకోండి. నెలకు 4 డాలర్లు.

టెస్ట్‌ఫ్లైట్‌కి విడిగా డబ్బులేమీ లేవు గానీ, యాపిల్ డెవలపర్ సభ్యత్వం ఏటా 99 డాలర్లు. చెరువు గట్టు మీద మీ రైతుల చేతుల్లో ఉన్న ఫోన్లు చూడండి. అందులో ఐఫోన్లెన్ని? కాబట్టి ఈ ఏడాదికి ఆ ఖర్చు పక్కన పెట్టండి.

ఆండ్రాయిడ్‌కి ఫైర్‌బేస్ యాప్ డిస్ట్రిబ్యూషన్ ఉచితం. రోజువారీ బిల్డులు (యాప్ తాజా కాపీలు) నలుగురూ చూసుకోవడానికి అది చాలు. కానీ ఒక మెలిక ఉంది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత గూగుల్ ప్లే డెవలపర్ ఖాతాకి, యాప్ అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది వరుసగా 14 రోజులు ప్లేలోని క్లోజ్డ్ టెస్టింగ్‌లో (మీరు పిలిచినవాళ్లు మాత్రమే వాడి చూసే దశలో) ఉండాలి. ఫైర్‌బేస్‌లో చేసింది ఈ లెక్కలోకి రాదు. ప్లే ఖాతాకి 25 డాలర్లు, అదీ ఒక్కసారే. ఆ 12 మందిని డబ్బిచ్చి ఆన్‌లైన్‌లో కొనకండి. 15 మంది రైతులను పట్టుకోండి, ఇద్దరు ముగ్గురు మధ్యలో తప్పుకున్నా ఇబ్బంది ఉండదు. పొద్దున మేత చల్లే వేళకి చెరువు దగ్గరికి వెళ్లి, తడి చేత్తో యాప్‌లో బటన్ నొక్కగలుగుతున్నారో లేదో చూడండి. పెట్రోలుకి, వాళ్ల డేటా రీచార్జికి పదివేలు తీసి పెట్టండి. నా దృష్టిలో మీరు పెట్టే అన్నిటికంటే మంచి ఖర్చు ఇదే.

మొన్న ఒక క్లయింటు కార్డు స్టేట్‌మెంట్ చూశాను. ప్రాజెక్టు ఆగిపోయి ఏడాది దాటింది, నెలనెలా 20 డాలర్లు మాత్రం పోతూనే ఉన్నాయి. మీరు ఏ టూల్ కొన్నా ఆటోపే ఒకే కార్డు మీద పెట్టండి, ప్రతి నెలా ఒకరు చూడండి.

మిగిలిన డబ్బు సర్వర్ ఖర్చుకి బ్యాంకులోనే ఉంచండి. అది ఒకరి ఖాతాలో ఉంటుంది కాబట్టి ఎవరి వాటా ఎంత, మధ్యలో ఒకరు తప్పుకుంటే ఎంత తిరిగివ్వాలి అన్నది ఈ వారమే కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి.