అమ్మను కలిపితే ప్రీమియం ఎందుకంత?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె, కొబ్బరి మీదే బతుకు. నాకు 44 ఏళ్లు, షుగరుంది. భార్య, ఇద్దరు పిల్లలు, 72 ఏళ్ల అమ్మ. అందరికీ కలిపి పది లక్షల ఫ్లోటర్‌కు, అంటే ఇంటిల్లిపాదీ ఒకే మొత్తాన్ని పంచుకునే ఆరోగ్య బీమాకు, ఏజెంటు 62 వేలు అడుగుతున్నాడు. షుగరు సంగతి రాయొద్దంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: షుగరు తప్పకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ కొట్టేసే రోజున ఏజెంటు మీ పక్కన ఉండడు. రాస్తే, పాత జబ్బుకు వెయిటింగ్ (ఆ జబ్బు ఖర్చు కంపెనీ ఇవ్వని గడువు) మూడేళ్లు మించకూడదన్నది నియమం.

ఫ్లోటర్‌లో ప్రీమియం అందరిలోకీ పెద్దవారి వయసును బట్టి ఉంటుంది. అందుకే అమ్మగారిని వేరు చేయండి. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. ఆధార్‌తో కార్డు చేయించండి. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే కనుక్కోండి.

ఇక ఆసుపత్రి గది అద్దె. మా నాన్నగారి పాలసీలో రోజుకు 3 వేలే పరిమితి. రాజమండ్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషనప్పుడు ఖాళీ లేదంటే 6 వేల గదిలో చేర్చాను. గది తేడా ఒక్కటే కట్టాలనుకున్నా. గది పరిమితికి రెట్టింపు కాబట్టి అదే లెక్కన డాక్టరు ఫీజు, థియేటర్ ఖర్చు కూడా సగానికి కోసేశారు. డిశ్చార్జి కౌంటర్ దగ్గర చెల్లెలి గాజులు తాకట్టుకు పంపాల్సి వచ్చింది. అద్దె పరిమితి లేని పాలసీయే అడగండి.

మీ నలుగురికీ ఐదు లక్షల పాలసీ, దాని మీద సూపర్ టాపప్ (ఏడాదిలో ఖర్చు ఆ ఐదు లక్షలు దాటితే పైది భరించే అదనపు పాలసీ) వేసి ఎంతవుతుందో చూడండి. మామూలుగా తక్కువే పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీలకు జీఎస్టీ లేదు, ఏజెంటు కలిపాడేమో చూసుకోండి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కివ్వొచ్చు.