పది లక్షల నోటు దొరికిందా? అంత సంబరపడకండి

ప్రశ్న: మా మావయ్య పాత ట్రంకు పెట్టెలో ఉక్రెయిన్ పది లక్షల నోటు ఒకటి దొరికింది. కార్బోవానెట్స్ అంటారట. దీని చరిత్ర ఏమిటి? ఇప్పుడు మార్చుకుంటే ఎంత వస్తుంది?

ముందు చేదు కబురు చెప్పేస్తాను. ఏమీ రాదు. ముందువైపు ఉక్రెయిన్ కవి తరాస్ షెవ్‌చెంకో విగ్రహం, 1995 అని ఉంటే అది ఆ డబ్బులో చెలామణీ అయిన అతి పెద్ద నోటు. దానికి చలామణీ ఉన్న రోజుల్లోనే మీ మావయ్య మార్చుకుని ఉంటే పది హ్రివ్నియాలు (1996లో దాని స్థానంలో వచ్చిన ఉక్రెయిన్ కొత్త డబ్బు) చేతికొచ్చేవి. ఆరు డాలర్లు కూడా కాదు, అప్పటి మన రూపాయల్లో రెండొందలు. ఆన్‌లైన్‌లో ఎవరైనా ‘అరుదైన నోటు, లక్షలు పలుకుతుంది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అంటే ఫోన్ పెట్టేయండి. మా పేషెంటు ఒకాయన ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటు కోసం ఇలాగే నాలుగు వేలు పోగొట్టుకుని వచ్చాడు, బీపీ నూట ఎనభైతో.

ఇక చరిత్ర. నేను 1992 సెప్టెంబరులో ఉక్రెయిన్‌లోని విన్నిత్స వెళ్లాను, మెడిసిన్ చదవడానికి. ఢిల్లీ నుంచి మాస్కో విమానం, అక్కడి నుంచి రైలు. 1999లో తిరిగొచ్చాను. కాబట్టి ఆ డబ్బు గురించి నాకు తెలిసింది చదివి తెలిసింది కాదు, జేబులో పెట్టుకుని తెలిసింది.

అక్కడ ‘కార్బోవానెట్స్’ అని నోరారా అన్నవాళ్లు నాకు తక్కువే కనిపించారు. అందరూ ‘కూపన్లు’ అనేవారు. కోపం వస్తే ‘ఫాంతికీ’, అంటే చాక్లెట్ కాగితాలు. కూపన్లనే పేరు ఊరికే రాలేదు. సోవియట్ ఆఖరి రోజుల్లో, 1990 చివర, జీతంతో పాటు ఒక కాగితం ఇచ్చేవారట. దాని మీద చిన్న చిన్న గళ్లు. కొట్టుకి వెళ్తే రూబుళ్లతో పాటు ఆ గళ్లు కూడా కత్తెరతో కత్తిరించి ఇవ్వాలి. బయటి రిపబ్లిక్‌ల వాళ్లు రూబుళ్లు పట్టుకొచ్చి ఉక్రెయిన్ సరుకంతా ఊడ్చుకుపోకుండా పెట్టిన అడ్డుకట్ట అది. 1992 జనవరి 2న రష్యాలో ధరల మీద అదుపు ఎత్తేశారు, ఉక్రెయిన్‌లోనూ ఎత్తేయక తప్పలేదు. ఉన్న రూబుళ్లు ఎవరికీ చాలలేదు, రూబుళ్లు అచ్చేసే ప్రెస్సులేమో మాస్కో చేతిలో ఉన్నాయి. అందుకని జనవరి 10న ఫ్రాన్స్‌లో అచ్చేయించిన కొత్త కూపన్లను రూబులుకి ఒకటి చొప్పున వదిలారు. ఏదో నాలుగు నెలల ముచ్చట అనుకున్నారు. నాలుగున్నరేళ్లు నడిచింది.

నేను దిగిన మొదటి వారంలో ఆ నోటు పట్టుకుని తిప్పి తిప్పి చూశాను. ముందు లిబిద్ అనే అమ్మాయి బొమ్మ, కీవ్ ఊరు కట్టిన అన్నదమ్ముల చెల్లెలట. వెనక సోఫియా చర్చి. నంబరు కోసం వెతికాను. లేదు! నంబరు లేని నోటు నేనెప్పుడూ చూడలేదు. సినిమా టికెట్టుకి కూడా నంబరుంటుంది కదండీ. ఆ క్షణంలోనే నాకు దాని మీద నమ్మకం పోయింది. నన్నడిగితే ఆ దేశపు ద్రవ్యోల్బణానికి మొదటి కారణం అదే, కానీ ఈ మాట ఏ ఎకనామిక్స్ మేష్టారూ ఒప్పుకోడు.

మేష్టార్లు చెప్పేది వేరే, అది కూడా నిజమే. ఫ్యాక్టరీలు మూతబడకుండా, సమిష్టి వ్యవసాయ క్షేత్రాలు పడిపోకుండా సెంట్రల్ బ్యాంకు అప్పులు పోస్తూ పోయింది. రష్యా నుంచి వచ్చే గ్యాసు, చమురు ధర పెరుగుతూ పోయింది. 1992 నవంబరులో రూబులుతో ఉన్న ఆఖరి ముడి కూడా తెంచేసుకున్నారు. ఇక కూపన్‌కి కూపనే దిక్కు. 1993లో ధరలు పది వేల శాతం పైన పెరిగాయి. మామూలు మాటల్లో, సంక్రాంతికి పది ఉన్నది మళ్లీ సంక్రాంతికి వెయ్యి దాటింది. ఆ డిసెంబరు ఒక్క నెలలోనే ధరలు దాదాపు రెట్టింపయ్యాయి.

మా క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో ఒకడున్నాడు. ‘రిజర్వ్ బ్యాంకు నోట్లు అచ్చేసి రైతుల అప్పులన్నీ ఒక్క రోజులో తీర్చేయొచ్చు కదా, ఎందుకు చెయ్యరు?’ అని ఏడాదికి రెండుసార్లు అడుగుతాడు. వాడికి నేను ఈ డిసెంబరు కథే చెబుతాను. వాడు ‘అది కమ్యూనిస్టు దేశం, మనది వేరు’ అంటాడు. కూపన్ పుట్టేనాటికే సోవియట్ యూనియన్ లేదురా బాబూ అంటే వినడు.

సరే, ఆ డిసెంబరు.  హాస్టల్లో హీటింగ్ సరిగా లేక, నేనూ ఒక నెల్లూరు కుర్రాడూ కలిసి ఒక ముసలమ్మ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాం. బాబూస్య అని పిలిచేవాళ్లం, అంటే మామ్మ. అద్దె డాలర్లలోనే, కూపన్లు ముట్టుకోదు. మమ్మల్ని ‘సినోక్’ అనేది, నాయనా అన్నట్టు.

మా నాన్న ఒక సీనియర్ చేతికిచ్చి రెండు వందల డాలర్లు పంపారు. ఆ సీనియర్ చెప్పాడు, ‘ఒకేసారి మార్చకు. ఇవాళ తినడానికి ఎంత కావాలో అంతే మార్చు.’ నాకు చలిలో రోజూ బజారుకి వెళ్లడం బద్ధకం. నవంబరు ఆఖర్లో యాభై డాలర్లు ఒక్కసారే మార్చేశాను. ఇటుకంత కట్ట ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి లక్షాధికారినయ్యాను, కోటు లోపల పెట్టుకుంటే అయిదో నెల గర్భిణిలా ఉన్నాను. బూట్లు చూసి పెట్టుకున్నాను, లోపల బొచ్చున్నవి. మర్నాడు కొందామనుకుంటే జ్వరం. తర్వాత అనాటమీ పరీక్ష, పుర్రెలో ఎముకలు లాటిన్‌లో వల్లె వేయాలి. మూడో వారం కట్ట పట్టుకుని బజారుకి వెళ్తే అదే బల్ల, అదే బూట్లు, అట్టముక్క మీద ధర మాత్రం కొట్టేసి కొత్తది రాసి ఉంది. నా కట్టకి ఒక కాలి బూటు వస్తుంది, రెండోది రాదు.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాను. బాబూస్య కట్ట చూసింది, నా మొహం చూసింది, నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. అప్పుడు బీరువాలోంచి తన పాస్‌బుక్ తెచ్చి చూపించింది. స్బెర్‌కాసా, అంటే సేవింగ్స్ బ్యాంకు. రెండు వేల చిల్లర. ఆమెకి అది సోవియట్ రోజుల్లో ఒక ఏడాది జీతం పైమాటే. ‘హ్రోబోవీ’ అంది. శవపేటిక డబ్బు. మన మామ్మలు ‘నా ఖర్చులకి’ అని రెండు గాజులు విడిగా దాచుకోరూ, అదే లెక్క. ఇప్పుడు ఆ పుస్తకంలో ఉన్నదానికి ఒక రొట్టె కూడా రాదు.

బ్యాంకునే ఎందుకు నమ్మావు మామ్మా అని అడిగాను. దానికి ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ దొరకలేదు. 1941లో జర్మన్లు వచ్చారు, 1942లో వాళ్ల డబ్బు తెచ్చారు. దాని పేరూ కార్బోవానెట్సే, పది ఇస్తే ఒక జర్మన్ మార్కు. (హిట్లర్ బంకరు ఒకటి విన్నిత్స పక్కనే ఉండేది, మమ్మల్ని పిక్నిక్‌కి తీసుకెళ్లారు, కూలిన కాంక్రీటు తప్ప ఏమీ లేదు.) జర్మన్లు పోయారు, ఆ డబ్బూ పోయింది. 1947 డిసెంబరులో స్టాలిన్ నోట్లు మార్చాడు. పరుపు కింద దాచుకున్నవాళ్లకి పది పాత రూబుళ్లకి ఒక కొత్త రూబులు. బ్యాంకులో మూడు వేల లోపు వేసుకున్నవాళ్లకి మాత్రం రూబులుకి రూబులు. ఆ రోజు ఆమె నేర్చుకున్న పాఠం, డబ్బు బ్యాంకులో ఉంటే క్షేమం అని. 1961లో ఇంకోసారి సున్నా కొట్టేశారు. 1991 జనవరిలో యాభై, వంద రూబుళ్ల నోట్లు రద్దని రాత్రి వార్తల్లో చెప్పి మూడు రోజులు టైమిచ్చారు. అప్పుడూ ఆమె బ్యాంకులో వేసుకుంది కాబట్టి నవ్వుకుంది. ఏడాది తిరక్కుండా కూపన్ వచ్చి పాస్‌బుక్‌ని లోపల్నుంచి చెదపురుగులా తినేసింది. పుస్తకంలో అంకె మాత్రం అలాగే ఉంది, చక్కటి చేతిరాతతో.

2016లో మన పెద్ద నోట్లు రద్దయినప్పుడు తెనాలిలో ఏటీఎం క్యూలో నిలబడి ఈ ముసలమ్మనే తలుచుకున్నాను. నా వెనకాయన ‘ప్రపంచంలో ఎక్కడైనా ఉందా ఇది’ అన్నాడు. ఉందండీ అని మొదలుపెడితే ఆయన క్యూ మారిపోయాడు.

అసలు కథ ఇప్పుడు. బాబూస్య పాస్‌బుక్ మూసి, నన్ను తన గదిలోకి తీసుకెళ్లి మంచం దుప్పటి పైకెత్తింది. కింద వోడ్కా సీసాలు, ఇరవై నాలుగు, సైనికుల్లా వరసగా. పక్కన పంచదార మూట, కొవ్వొత్తుల కట్టలు. పెన్షన్ చేతికొచ్చిన రోజే బజారుకి వెళ్లి ఒకటీ రెండూ కొనుక్కుంటూ పోగేసింది. ఆమె చుక్క ముట్టదు. ‘గొయ్యి తవ్వేవాళ్లు నలుగురు. మనిషికి రెండు. పేటిక చేసేవాడికి నాలుగు. లారీవాడికి రెండు’ అని వేళ్ల మీద లెక్క చెప్పింది. గొయ్యి తవ్వేవాడు కూపన్లు తీసుకోడు, కుళాయి బాగుచేసేవాడూ తీసుకోడు, అందరూ సీసా తీసుకుంటారు. సీసా ఇవాళా సీసానే, రేపూ సీసానే. మా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్లకి జీతాలు నెలల తరబడి రాని కాలంలో ఆ ముసలమ్మ మంచం కింద సొంత రిజర్వ్ బ్యాంకు నడుపుతోంది. డబ్బంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది, తర్వాత ఎవరు ఏం చెప్పినా కొత్తగా ఏమీ అనిపించలేదు.

కొత్త సంవత్సరం రాత్రి మా నెల్లూరువాడు ఆ రిజర్వుల్లోంచి ఒకటి ‘అప్పు’ తీసుకున్నాడు. ఆమె శనివారం శనివారం లెక్కపెడుతుందని వాడికి తెలియదు. దొరికిపోయి, ధరకి రెట్టింపు కూపన్లు పట్టుకెళ్లి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. ‘సీసా పోయింది. సీసా రావాలి.’ వాడు రేపు మాపు అంటూ తిరిగాడు. జనవరి 7న వాళ్ల క్రిస్మస్ అయ్యాక ఇక ఆమె మొహం చూడలేక నేనే ఒక డాలరు తీసుకెళ్లి సీసా కొనుక్కొచ్చి వరసలో పెట్టాను. ఇరవై నాలుగు సరిపోయాయని చూసుకుని ఆమె మాకు బోర్ష్ వడ్డించింది. బీట్‌రూట్ పులుసు అనుకోండి, మన చారు లాగా అన్నంలో కలుపుకుంటే బాగానే ఉండేది.

ఆ రోజుల్లో ఊరంతా రెండు చక్రాల చిన్న తోపుడు బండ్లు. ఇస్త్రీ పెట్టెలు, రంపాలు వాటికి కట్టుకుని పోలండ్ వెళ్లి అమ్ముకొచ్చేవారు. ఆ బండికి జనం పెట్టిన పేరు క్రావ్‌చుచ్కా, అప్పటి అధ్యక్షుడు క్రావ్‌చుక్ పేరు మీద. 1994లో ఆయన ఓడిపోయి కుచ్మా వచ్చాడు. ఐఎమ్ఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) అప్పులు, ప్రభుత్వ ఖర్చుల్లో కోతలు మొదలయ్యాయి, ధరల పరుగు నెమ్మదించింది.

1996 సెప్టెంబరు 2 నుంచి 16 దాకా మార్పిడి. లక్ష కార్బోవానెట్స్‌లకి ఒక హ్రివ్నియా. ఈసారి కోత లేదు, నీ దగ్గర ఎంతుందో అంతా మార్చుకోవచ్చు. అప్పుడు సెంట్రల్ బ్యాంకు గవర్నరు యూష్‌చెంకో, తర్వాత దేశాధ్యక్షుడయ్యాడే, ఆయనే. కొట్లలో రెండు ధరలూ రాసి పెట్టారు. కొత్త నోటు చేతికి రాగానే పాత అలవాటు కొద్దీ తిప్పి చూశాను. నంబరు ఉంది! కానీ దాని మీద సంవత్సరం 1992. కెనడాలో ఎప్పుడో అచ్చేయించి నాలుగేళ్లు ఖజానాలో దాచారు. ధరలు అలా ఎగురుతున్నప్పుడు వదిలితే అదీ చాక్లెట్ కాగితమే అవుతుందని భయం. సంతకమేమో అప్పటికి పదవిలోనే లేని గవర్నరుది. అలా వేచి ఉండటమే వాళ్లు చేసిన తెలివైన పని అని నా అభిప్రాయం. 2022లో యుద్ధం మొదలైనప్పుడు కూడా హ్రివ్నియా దిగింది గానీ 93 లాగా కుప్పకూలలేదు.

బాబూస్య మాత్రం క్యూలో నిలబడి మార్చుకోవాల్సినంత డబ్బు ఏమీ దాచుకోలేదు. చిన్న కూపన్లు ఒకటీ, మూడూ, అయిదూ రకాలు ఎప్పుడో పిండి జిగురు రాసి కిటికీ సందులకి అంటించేసింది, చలిగాలి రాకుండా. నా మంచం పక్క కిటికీ నిండా లిబిద్ బొమ్మలే. పాస్‌బుక్ డబ్బు సంగతి అడగకండి. 2008లో అప్పటి ఉక్రెయిన్ ప్రధాని తిమోషెంకో ప్రభుత్వం పాత డిపాజిటర్లకి తలా వెయ్యి హ్రివ్నియాలు ఇస్తోందని విని, ఆమె ఉంటే బాగుండునని అనుకున్నాను.

అన్నట్టు కార్బోవానెట్స్ అనే మాటకి అర్థం అడగలేదు మీరు, అయినా చెబుతాను. ‘కార్బ్’ అంటే కర్ర మీద పెట్టిన గంటు. మన పాలామె గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తుందే, అలాంటి లెక్క గుర్తు. సోవియట్ రూబులు నోటు మీద కూడా ఉక్రెయిన్ భాషలో కార్బోవానెట్స్ అనే రాసి ఉండేది. 1918లో మొదటి స్వతంత్ర ఉక్రెయిన్ వేసిన నోటూ కార్బోవానెట్సే, నార్బూత్ అనే గొప్ప చిత్రకారుడు గీశాడు. వాళ్లకి అది ఒక డబ్బు పేరు కాదు, ఎన్ని ప్రభుత్వాలొచ్చినా మారని ఇంటిపేరు.

ఇంతకీ మీ మావయ్యది ఏ ఊరు, ఏ బ్యాచ్? ఆ పది లక్షల నోటు దాచుకున్నారంటే 95, 96లో అక్కడ ఉండి ఉండాలి. విన్నిత్స కాకపోతే నమస్కారాలు చెప్పండి. విన్నిత్స అయి, సొంతూరు నెల్లూరు అయితే మాత్రం నాకు ఒక సీసా బాకీ ఉన్నాడని చెప్పండి. డబ్బు ఒద్దు.