బీకేసీ డ్రమ్ములు దిగకముందే

విజయవాడ

చిరంజీవి శ్రీనివాసుకు బాబాయి ఆశీస్సులు.

ఆటోనగర్‌లో గోడౌను అద్దెకు తీసుకున్నావనీ, రొయ్యల చెరువుల రైతులకూ కోళ్ల ఫారాలకూ క్రిములను చంపే బీకేసీ మందు సరఫరా చేయబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. బేరసారాల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కానీ మొదట ఆస్పత్రి స్టోర్సులోనూ, ఆ తర్వాత రసాయనాల గోడౌనులోనూ ఈ సరుకు మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది కనుక, మొదటి లోడు దిగకముందే నీకు కొన్ని విషయాలు రాసి పెట్టడం నా బాధ్యత అనిపించింది.

బీకేసీ అంటే బెంజాల్కోనియం క్లోరైడు. దీని క్రిమిసంహారక గుణాన్ని 1935లో జర్మనీకి చెందిన గెర్హార్డ్ డోమాక్ వెల్లడించాడు. అప్పటి నుంచీ ఇది ఇళ్లలోకీ ఆస్పత్రుల్లోకీ ఎంతగా వచ్చేసిందంటే, కంట్లో వేసుకునే చుక్కల మందులు చాలావాటిలో చెడిపోకుండా ఉండటానికి 0.01 శాతం దాకా ఇదే కలుపుతారు. నీ దగ్గరికి వచ్చే డ్రమ్ములో ఉండేది 50 శాతం, కొన్నిటిలో 80 శాతం. అంటే కంటికి పనికొచ్చే మందులో ఉన్న రసాయనమే అయిదు వేల రెట్లు, అంతకంటే ఎక్కువ చిక్కదనంతో నీ ముందు ఉంటుంది. యాసిడ్‌లా పొగలు రావు, అమ్మోనియాలా ముక్కు అదరదు, వేళ్ల మధ్య సబ్బు నీళ్లలా జారుతుంది. ఆ మెత్తదనమే మనుషులను మోసం చేస్తుంది. చర్మాన్ని కాల్చే గుణమూ, కంటిచూపును శాశ్వతంగా పోగొట్టగల గుణమూ ఉన్న పదార్థమని డ్రమ్ము మీది గుర్తు చెబుతూనే ఉంటుంది. చేతి మీదా లోహపు పలక మీదా ద్రవం కారుతున్నట్టుండే ఆ బొమ్మను నీ హమాలీలందరికీ దగ్గరుండి చూపించి, దాని అర్థం చెప్పు.

నేను పనిచేసిన ఒక గోడౌనులో ఒక హమాలీ చిక్కటి బీకేసీని చిన్న క్యాన్లలోకి వంపుతూ, మూతి దగ్గర కారిన చుక్కలను భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. కాసేపటికి చెమట పట్టిందని అదే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కంటి రెప్పలు వాచిపోయి, చాలా రోజులు వైద్యం చేయించుకోవలసి వచ్చింది. అతను అజాగ్రత్త మనిషి కాడు. తువ్వాలు భుజం మీద ఉండటం ఎండలో బరువులు మోసేవాడికి సహజం. అందుకని వంపే చోటికి తువ్వాలుతో ఎవరినీ రానివ్వకు. క్యాను తుడవడానికి విడిగా పాత గుడ్డలు పెట్టి, తుడిచిన వెంటనే వాటిని మూత ఉన్న డబ్బాలో వేయించు. ఉంగరం, వాచీ పట్టీ, మొలతాడు వంటివాటి కింద ద్రవం చేరితే పైపైన కడిగినా పోదు కనుక, పనిలోకి దిగేముందు తీయగలిగినవన్నీ తీయించాలి.

చేతులకు నైట్రైల్ గానీ నియోప్రీన్ గానీ, అంటే ద్రవం లోపలికి దిగని రబ్బరు రకాల, పొడవాటి గ్లవుజులు కొను. నూలు గ్లవుజులు ద్రవాన్ని పీల్చుకుని చర్మానికి కట్టుకట్టినట్టు అంటిపెడతాయి, వాటికంటే ఉత్త చేతులే నయం. గ్లవుజు తొడిగే ముందు గాలి నింపి మణికట్టు దగ్గర మెలిపెట్టి, వేళ్ల చివర నొక్కి చూడాలి. గాలి పోతుంటే దాన్ని అక్కడికక్కడే కత్తిరించి పారేయించు, లేకపోతే మర్నాడు ఎవరో ఒకరు మళ్లీ తొడుక్కుంటారు. కళ్లకు చుట్టూ మూసి ఉండే గాగుల్స్, ఒంటికి ప్లాస్టిక్ ఏప్రాను, కాళ్లకు గంబూట్లు తప్పనిసరి. హవాయి చెప్పులతో ఎవరూ పనిచేయకూడదు, ఎందుకంటే నేల మీద ఒలికిన బీకేసీ పాచి పట్టిన మెట్టులా జారుతుంది, చేతిలో నిండు క్యానుతో జారినవాడికి దెబ్బ ఒక్క మోకాలికే తగిలి ఆగదు. నోటితో పైపు పీల్చి ద్రవం లాగే అలవాటు మన వాళ్లకు డీజిలు దగ్గర నుంచి వచ్చింది, దాన్ని మొదటి రోజే మాన్పించు. చేతి పంపు ఖరీదు ఎక్కువేమీ కాదు.

కళ్లు కడిగే నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కంట్లో పడితే రుద్దకుండా, రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని, ధారగా పారే శుభ్రమైన నీటితో కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత ఆలస్యం లేకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తల్లిపాలు, ఆముదం, ఇంట్లో ఉన్న ఏవో చుక్కలు వేయడానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు, ఒప్పుకోకు. మన బెజవాడ మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగిపోయి ఉంటాయి, ఆ నీళ్లు కంట్లో పోస్తే అదొక కొత్త గాయం. కాబట్టి వంపే చోటికి నాలుగడుగుల దూరంలో, నీడన ఉంచిన ట్యాంకు నుంచి వచ్చే కుళాయి ఒకటి విడిగా పెట్టించు. కళ్లు మూసుకున్న మనిషి తడుముకుంటూ వెళ్లి తిప్పగలిగేట్టు దారిలో డ్రమ్ములు లేకుండా చూడు. చర్మం మీద పడినా ఇదే పద్ధతి: తడిసిన బట్టలు వెంటనే విప్పేసి, ధారాళంగా నీళ్లు పోయాలి. మంట లేదు కదా అని ఊరుకోకూడదు.

పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లూ చింతపండు నీళ్లూ తాగించి కక్కించడం మన ఇళ్లలో అలవాటే గానీ, దిగేటప్పుడు గొంతునూ అన్నవాహికనూ కాల్చిన ద్రవం పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది, నురగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు పుక్కిలింపించి, 108కి ఫోన్ చేసి, క్యాను మీది లేబులును ఫోటో తీసుకుని ఆస్పత్రికి వెళ్లాలి. గొంతు వాచి ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది కనుక, మనిషి బాగానే మాట్లాడుతున్నాడని ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

పలచన చేసే లెక్క రైతులకు నోటితో చెప్పి వదిలేయకు, కాగితం మీద రాసి ఇవ్వు. పరికరాలూ నేలా శుభ్రం చేయడానికి 0.1 శాతం ద్రావణం కావాలంటే, 50 శాతం సరుకు లీటరు నీటికి 2 మి.లీ., పది లీటర్ల బకెట్టుకు 20 మి.లీ. సరిపోతుంది, 80 శాతం సరుకైతే అదే బకెట్టుకు 12.5 మి.లీ. చాలు. రెండు రకాల క్యాన్లూ ఒకేలా ఉంటే ఒకదాని కొలత రెండోదానికి వాడేస్తారు, అందుకని వాటిని వేరే వరుసల్లో పెట్టు. ముందు నీళ్లు పోసి, తర్వాత మందు కలపాలి; తిరగేస్తే నురగ పొంగి మొహం మీదికి చిందుతుంది. బాగా శుభ్రం అవుతుందని ఎవరైనా అందులో సర్ఫు పొడి వేస్తే మందు పనిచేయడం మానేస్తుంది, ఎందుకంటే ధనావేశం ఉన్న బీకేసీని సబ్బులోని రుణావేశం పట్టేసుకుంటుంది. పేడ, బురద ఉన్నచోట కూడా ముందు కడిగాకే ఇది వాడాలి. కలిపిన ద్రావణాన్ని ఏ రోజుకారోజు పారబోయాలి. నిల్వ ఉన్న పలచటి ద్రావణంలో సూడోమోనాస్ జాతి బాక్టీరియా పెరిగి, క్రిములను చంపవలసిన మందే వాటిని మోసుకెళ్లిన ఉదంతాలు ఆస్పత్రుల్లో ఉన్నాయి. బాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని దాగే బీజాలను (స్పోర్లను) ఇది చంపదు, కాబట్టి ఆపరేషను పనిముట్లు స్టెరిలైజు చేయడానికి పనికొస్తుందని ఎవరికీ చెప్పి అమ్మకు.

చెరువు మోతాదు మాత్రం నువ్వు చెప్పవద్దు. నీటి లోతు, ప్లాంక్టను (నీటిలో తేలే కంటికి ఆనని సన్నటి జీవులు), రొయ్య వయసు చూసి చెరువుల టెక్నీషియనే చెప్పాలి. మోతాదు మించితే ప్లాంక్టను ఒక్కసారిగా చచ్చి, నీటిలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి.

బ్లీచింగ్ పౌడరు, పర్మాంగనేటు, యాసిడ్లు దీని పక్కన ఉంచకు, ఏ బకెట్టులోనూ వీటితో కలపనివ్వకు. రేకుల షెడ్డు వేడికి డ్రమ్ములు ఉబ్బకుండా నీడా గాలీ ఉన్న మూల చూసుకో. 80 శాతం సరుకు కొన్నిటిలో ఆల్కహాలు కూడా ఉంటుంది కనుక, కంపెనీ ఇచ్చే సేఫ్టీ డేటా షీటు అడిగి తీసుకుని చదువు. అందులోని పదహారు భాగాల్లో నాలుగోది ప్రథమ చికిత్స, దాన్ని తెలుగులో రాయించి గోడకు అంటించు. ఒలికితే పైపు పెట్టి కాలువలోకి కడగకుండా, పొడి మట్టి, ఇసుక చల్లి ఎత్తి డబ్బాలో వేయించు. మట్టి రేణువులు దీన్ని గట్టిగా పట్టుకుంటాయి, నీళ్లలో పడితే మాత్రం చేపలకు చాలా కొద్ది మోతాదే విషం. బందరు కాలువా, ఏలూరు కాలువా, రైవస్ కాలువా మన ఊళ్లోంచే పల్లెలకు పోతున్నాయని మరచిపోకు.

చివరగా ఖాళీ క్యాన్ల మాట. గట్టి నీలం క్యాను కనబడితే తాగే నీళ్లకనీ, పాలకనీ, పచ్చడి నూనెకనీ అడిగి తీసుకుపోయేవాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఎంత కడిగినా ప్లాస్టిక్ గోడలకూ మూత మరలకూ అంటుకున్నది పూర్తిగా పోతుందని నమ్మలేము. మూడుసార్లు కొద్దికొద్ది నీళ్లతో తొలిపి, ఆ నీళ్లను వాడబోయే ద్రావణంలోనే కలిపేసి, క్యాను అడుగున డ్రిల్లుతో రంధ్రాలు చేయించాకే పాత సామాన్లవాడికి ఇవ్వు. అలాగే చిల్లరగా అడిగేవాడికి కూల్‌డ్రింకు సీసాలోకీ నీళ్ల బాటిల్లోకీ ఎప్పుడూ వంపకు, అతను మనకు ఎంత దగ్గరివాడైనా సరే. ఫ్రిజ్ పక్కన పెట్టిన ఆ సీసాను చీకట్లో ఎత్తేది పిల్లలే. అయిదు లీటర్ల సీలు క్యాను కంటే తక్కువ అమ్మనని బోర్డు పెట్టేసెయ్.

కుళాయి పని పూర్తయ్యాక కబురు చెయ్యి, ఒకసారి వచ్చి గోడౌను చూస్తాను.

ఇట్లు,
మీ బాబాయి