ఆ బూడిద ఏ గొట్టానిది?

ప్రశ్న: మిద్దె మీద ఆరేసిన బట్టలకు తెల్లారేసరికి బూడిద పట్టి ఉంటోంది. మా చుట్టుపక్కల ఒకటికి మించి థర్మల్ కేంద్రాలున్నాయి. ఏ చిమ్నీదో ఉపగ్రహం పట్టిస్తుందా?
– ముత్తుకూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: పట్టించదు. యూరప్ వాళ్లు 2017లో పంపిన సెంటినెల్-5పీ ఉపగ్రహం కొలిచేది ముఖ్యంగా వాయువులను. రాలే బూడిద దానికి కనపడదు. దాని బొమ్మలో ఒక్క గడి (పిక్సెల్) నేల మీద సుమారు 5.5 కి.మీ. పొడవు, 3.5 కి.మీ. వెడల్పు. పక్కపక్కనున్న కేంద్రాల పొగ కలిసిపోతుంది. పైగా అది చూసేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. మీ బట్టల మీద బూడిద పడేది రాత్రి.

కేంద్రాలన్నీ కలిపి ఎటువైపు ఎంత వదులుతున్నాయో మాత్రం తెలుస్తుంది. యూరప్ ఉపగ్రహాల బొమ్మలు చూపే కోపర్నికస్ బ్రౌజర్ వెబ్‌సైట్‌లో సెంటినెల్-5పీ, నైట్రోజన్ డయాక్సైడ్ ఎంచుకోండి. ఒక్కరోజు బొమ్మను నమ్మొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర మబ్బులే; జనవరి–ఏప్రిల్ మేలు. డేటా దించుకుంటే, ప్రతి గడికీ కొలత ఎంత నమ్మదగిందో చెప్పే నాణ్యత విలువ ఉంటుంది; అది 0.75 దాటిన గడులే ఉంచండి. అసలు పని గాలితో. పడమటి గాలి రోజులకు ఒక సగటు, సముద్రపు గాలి రోజులకు ఇంకో సగటు తీయండి. పొగ తోక ఒకసారి సముద్రం మీదికీ, ఇంకోసారి ఊళ్ల మీదికీ తిరుగుతుంది. రెండు తోకలూ మొదలయ్యే చోటే మూలం. గాలిని పట్టించుకోకుండా అన్నీ కలిపేస్తే మిగిలేది ఒక మసక మచ్చ. రేవులోని ఓడలు, లారీలు కూడా ఇదే వాయువు వదులుతాయి, కాబట్టి మచ్చంతా బొగ్గుదే అనుకోకండి. సల్ఫర్ డయాక్సైడ్ అయితే బొగ్గుకు మంచి గుర్తే, కానీ కొలతలో తప్పులెక్కువ; నెలల తరబడి సగటు కావాలి.

బూడిద సంగతికి రెండు స్టీలు పళ్లేలు చాలు. ఉదయం ఆరుకు ఒకటి, సాయంత్రం ఆరుకు ఒకటి మార్చి, గాలి ఎటునుంచో రాసుకోండి. ఎండిన, గాలి ఎక్కువున్న రోజుల్లోనే పడుతుంటే చిమ్నీ కన్నా ముందు బూడిద చెరువును, అంటే కేంద్రాలు బూడిదను నిల్వ చేసే చోటును, అనుమానించాలి.

ప్రశ్న: గ్రానైట్ క్వారీల దుమ్ము సంగతి?
– చీమకుర్తి

జవాబు: ఆ దుమ్ము నేలను అంటుకునే తిరుగుతుంది. ఉపగ్రహం చూసేది నేల నుంచి పైదాకా ఉన్న మొత్తం గాలిని, అందులో సముద్రపు ఉప్పు, పొగ అన్నీ కలిసుంటాయి. యూరప్‌దే ఇంకో ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల వివరం ఉంటుంది. క్వారీ ఎటు పెరిగిందో, ఏ మట్టిరోడ్డు కొత్తగా పడిందో చూపిస్తుంది, గాలిని కొలవదు. చవక సెన్సర్లు ముతక దుమ్మును సరిగా లెక్కపెట్టలేవు, తక్కువ చూపిస్తాయి. 24 గంటలు గాలి లాగి వడపోత కాగితాన్ని తూచే యంత్రంతో పీఎం10 (10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి కణాలు) తీయించాలి. పరిమితి ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు.