పురిటి పథ్యం: తల్లికి ఏది, బిడ్డకు ఏది?

ప్రశ్న: నాకు పన్నెండు రోజుల క్రితం సాధారణ కాన్పులో పాప పుట్టింది. పురుడు పోయడానికి మా అమ్మ విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చింది. వీలైనంత సహజ పద్ధతుల్లోనే కోలుకోవాలని నాకూ ఉంది. అయితే అమ్మ రోజుకు రెండు గ్లాసులకు మించి మంచినీళ్లు తాగనివ్వడం లేదు. పొద్దున్నే కాయం ముద్ద, మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో నెయ్యన్నం పెడుతోంది తప్ప కూర ముట్టనివ్వదు. పాలు పడతాయని హార్బరు నుంచి పాలసొర తెప్పించి పుట్టు చేసింది. పాపకు స్నానం కాగానే ముక్కులో ఆముదం చుక్కలు వేసి, సాంబ్రాణి పొగ పట్టి, వస అరగదీసి తేనెతో నాకించాలంటోంది. వీటిలో ఏవి పాటించాలి? అమ్మ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు.
– ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మీ అమ్మగారి శ్రమ కళ్లకు కట్టింది. వేళకు వండిపెట్టి, నీళ్లు కాచి, ఒళ్లు పట్టి, రాత్రిళ్లు బిడ్డనెత్తుకునే మనిషి పక్కనుండటం బాలింతకు ఎంతో మేలు చేస్తుంది కనుక ఆ సేవను మొహమాటపడకుండా అందుకోండి. పథ్యాన్ని మాత్రం రెండు భాగాలుగా చూడమని కోరుతున్నాను. మీరు తినేవాటిలో చాలావరకు ఉంచుకుని, వాటికి మరికొన్ని చేర్చుకోవాలి. పాప నోటికీ ముక్కుకీ అందేవాటిలో మాత్రం మీ పాలు, వైద్యులు రాసిన మందు తప్ప అన్నీ మానాలి.

ముందుగా నీళ్ల సంగతి. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని మన ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో అంటారు కానీ అది నిజం కాదు. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. పాలు బాగా పడిన తల్లి నుంచి రోజుకు ముప్పావు లీటరు దాకా బిడ్డకు వెళతాయి, పైగా విశాఖ ఉక్కపోతలో చెమటగా పోయేది వేరు. నీళ్లు చాలకపోతే మలబద్ధకం వచ్చి, ముక్కినప్పుడల్లా కుట్లు నొప్పి పెడతాయి, మూత్రంలో మంట మొదలవుతుంది, కాన్పు తరువాత కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా పెరుగుతుంది. పాపకు పాలిచ్చేందుకు కూర్చున్న ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టుకుని తాగండి. మీ అమ్మగారికి చన్నీళ్లంటే భయమైతే వామో జీలకర్రో వేసి కాచి, గోరువెచ్చగా ఇమ్మనండి. అందుకు ఆవిడ అభ్యంతరం చెప్పకపోవచ్చు.

కాయం మానక్కర్లేదు. మా ఇంట్లో పురుళ్లకు అమ్మమ్మ ఇనప మూకుడులో పాత బెల్లం కరిగించి, శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము దంచిన పొడిని చివర్లో చల్లి, నెయ్యి పైకి తేలేదాకా కలిపేది. ఆ ఘాటు వీధి గుమ్మం దాకా వచ్చేది. ఉసిరికాయంత ముద్ద చాలు. గుండెల్లో మంట అనిపిస్తే అదీ తగ్గించండి, మధుమేహం ఉన్నవారు బెల్లం గురించి వైద్యుల్ని అడగాలి. ఇంట్లో దంచుకుంటే అందులో ఏం పడిందో తెలుస్తుంది కనుక, బజారులో విడిగా అమ్మే పేరులేని పొడులు కొనకండి.

వెల్లుల్లి కారం తినవచ్చు, కానీ దానితోనే రోజు గడపకూడదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కిలోక్యాలరీల ఆహారం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రైతుబజారులో దొరికే తోటకూర, మునగాకు, బీరకాయ, వాటితోపాటు పెసరపప్పు, గుడ్డు, చోడి అంబలి అన్నీ తినండి. కూర తింటే బాలింతకు వాతం చేస్తుందన్న భయం పెట్టుకోకండి. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలనూ, కాల్షియం మాత్రలనూ కాన్పు తరువాత 180 రోజులు వాడాలి. సహజంగా కోలుకోవాలన్న కోరికతో వీటిని పక్కన పెట్టకండి, కాన్పులో పోయిన రక్తాన్ని ఆకుకూర ఒక్కటే అంత త్వరగా పూడ్చలేదు.

పాలసొర పుట్టు మన తీరంలో బాలింతలకు ప్రేమగా పెట్టే వంట అని నాకు తెలుసు, అయినా వద్దనే చెబుతాను. సొరచేప ఇతర చేపల్ని తిని బతుకుతుంది, వాటిలోని పాదరసమంతా ఏళ్ల తరబడి దాని మాంసంలో పేరుకుంటుంది; గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాన్ని తినకూడదని ఆహార భద్రతా సంస్థలు హెచ్చరిస్తున్నది ఇందుకే. అదే హార్బరులో తాజా కవళ్లు, నెత్తళ్లు దొరుకుతాయి. చిన్న చేపలు కనుక పాదరసం తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ.

ఇక పాలు పడటం ప్రధానంగా బిడ్డ చీకడం మీద ఆధారపడి ఉంటుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టండి. పాప నోరు బాగా తెరిచినప్పుడు చనుమొన ఒక్కటే కాక, దాని చుట్టూ ఉన్న నల్లని భాగంలో ఎక్కువ మేర నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. బుగ్గలు లోపలికి పోతున్నా, మీకు నొప్పి పుడుతున్నా చిటికెన వేలిని నోటి మూల పెట్టి విడిపించి మళ్లీ పట్టండి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్లే.

పాప విషయంలో నేను రాజీపడలేను. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి ఏడాది లోపు పిల్లల పేగుల్లో పెరిగి, ఒళ్లంతా చచ్చుబడే బోటులిజం తెస్తుంది. తేనె చుక్క కూడా వద్దు. వసలోని బీటా అసరోన్ అనే రసాయనం హానికరమని జంతువులపై పరీక్షల్లో తేలడంతో అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులకు మంచిది కాదు, జుట్టు మెత్తని తువ్వాలుతో తుడిస్తే ఆరిపోతుంది. మీ అమ్మగారి చేతి నైపుణ్యం వృథా కాకుండా, గోరువెచ్చని కొబ్బరినూనెతో పాపకు మృదువుగా మర్దన చేయమనండి. అది మంచిదే. బొడ్డు ఇంకా ఊడకపోతే పసుపు, నూనె రాయకుండా పొడిగా వదిలేయండి.

ఇక ఆవిడ మనసు గురించి. ఆశా కార్యకర్త 14, 21, 28, 42 రోజుల్లో మీ ఇంటికి రావాలి. పాపను చూసినప్పుడు ఈ సందేహాలన్నీ అమ్మగారి ఎదురుగానే అడగండి. కూతురు కాదంటున్నట్లు కాకుండా, ఊళ్లో పిల్లల్ని చూసే మనిషి చెబుతున్నట్లు ఉంటుంది.

గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, జ్వరం, దుర్వాసన, ఒక పిక్కలో వాపు, కళ్లు మసకబారే తలనొప్పి, పాప పాలు మానడం, మగతగా ఉండటం, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడటం – వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం వద్దు, 108కి ఫోన్ చేయండి లేదా కేజీహెచ్‌కో ఘోషాసుపత్రికో వెళ్లండి. రెండు వారాలు దాటినా దుఃఖం తగ్గకపోతే 14416కి ఫోన్ చేసి మాట్లాడండి. అది ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ.

ప్రశ్న: నాకు తొమ్మిదో నెల. ఆముదం తాగితే నొప్పులు త్వరగా వస్తాయని మా అత్తగారు అంటున్నారు. తాగవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: తాగవద్దు. ఆముదం పేగుల్ని కదిలించి వాంతులు, విరేచనాలు తెస్తుంది. సరిగ్గా ఒంట్లో సత్తువ కావలసిన వేళ నీరసపడతారు. పాత సిజేరియన్ కుట్టు ఉన్నవారికి ఇది మరింత ప్రమాదం. 41 వారాలు నిండినా నొప్పులు రాకపోతే ఆసుపత్రిలో తెప్పించే సురక్షితమైన పద్ధతులున్నాయి. అందాకా సాయంత్రాలు ఇంటి చుట్టుపక్కల నడవండి, ఎడమవైపు తిరిగి పడుకోండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినట్లు అనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి బయలుదేరండి.