కాలంతో పాటు మారని పాత వృత్తులు పోవడం సహజమే కదా, దానికి బాధపడటం ఎందుకు?

నేనూ చాలా ఏళ్లు ఇదే మాట అన్నాను. 2012 డిసెంబర్‌లో ఒక బుధవారం తర్వాత మళ్లీ అనలేదు.

నేను మేరీల్యాండ్‌లో ఉంటాను, ఐటీ ఉద్యోగం. ఇక్కడ చెసపీక్ అఖాతంలో ఆల్చిప్పలు పట్టడానికి స్కిప్‌జాక్ అనే చెక్క పడవలు వాడేవాళ్లు. తెరచాప కట్టే కొయ్య ఒకటే, అదీ కాస్త వెనక్కి వాలి ఉంటుంది. దానికి పెద్ద త్రికోణపు తెరచాప, ముందు చిన్నది ఇంకొకటి. ఒకప్పుడు వందల్లో ఉండేవి. ఇప్పుడు నిజంగా వేటకు వెళ్లేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1985లో దీన్ని రాష్ట్ర అధికారిక పడవగా ప్రకటించారు. మనకు కావలసినవాటికి పని దొరకనప్పుడు బిరుదు ఇవ్వడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

నా కొలీగ్ ఒకతనిది ఈస్టర్న్ షోర్‌లోని, అంటే అఖాతం తూర్పు ఒడ్డున ఉన్న, టిల్గ్‌మన్ ఐలాండ్. అతని మేనమామకు స్కిప్‌జాక్ ఉండేది. "ఒకసారి రా, చూద్దువుగాని" అంటే వెళ్లాను. తెల్లవారుజామున నాలుగున్నరకు రేవు చేరేసరికి నా చేతులు కొంకర్లు పోతున్నాయి. కెప్టెన్‌కి డెబ్భై దాటి ఉంటాయి. నా షూస్ చూసి, ఏమీ అనకుండా, లోపలి నుంచి రబ్బరు బూట్లు తెచ్చి నా ముందు పెట్టాడు.

బుధవారం అని ఎందుకు చెప్పానంటే, ఇక్కడ ఒక చట్టం ఉంది. డ్రెడ్జ్ అనే ఇనుప సాధనంతో ఆల్చిప్పలు పట్టాలంటే తెరచాప పడవతోనే పట్టాలని 1865లో పెట్టారు. 1967లో సడలించి, వారంలో రెండు రోజులు వెనకనుంచి చిన్న మోటారు పడవతో నెట్టించుకోవచ్చన్నారు. అందుకే చాలామంది ఆ రెండు రోజులే బయటికి వెళ్లేవాళ్లు. ఈ కెప్టెన్ మాత్రం గాలి బాగుంటే మిగతా రోజుల్లోనూ తెరచాపతో వెళ్లేవాడు. నేను వెళ్లిన బుధవారం అలాంటి తెరచాప రోజే. ఆ మోటారు పడవ వెనకాల గాల్లో వేలాడుతూ ఉంటుంది. తెరచాప రోజున డ్రెడ్జ్ వేసేటప్పుడు దాన్ని నీళ్లలోకి దించకూడదు.

డ్రెడ్జ్ అంటే పళ్లున్న ఇనుప చట్రం, దాని వెనక గొలుసులతో అల్లిన సంచి. పడవకు చెరోవైపు ఒకటి వేస్తే అడుగున దువ్వుకుంటూ పోతుంది. అక్కడివాళ్లు డ్రెడ్జింగ్ అనరు, డ్రడ్జింగ్ అంటారు. నేను సరిగ్గా పలికినప్పుడల్లా పడవలో కుర్రాడు ఒకడు నా వైపు వింతగా చూసేవాడు.

నాకు అన్నిటికంటే గుర్తున్నది కెప్టెన్ చెయ్యి. ఒక చేత్తో చుక్కాని చక్రం పట్టుకుని, రెండో చెయ్యి డ్రెడ్జ్ తాడు మీద వేసేవాడు. ఉక్కు తాడు, చలికి మంచుగడ్డలా ఉంది, చేతికి గ్లౌజ్ లేదు. "ఇది బురద" అనేవాడు. కొంచెం దూరం పోయాక "ఇప్పుడు గుల్ల" అనేవాడు. పైకి లాగితే అదే వచ్చేది. ఒకసారి నన్నూ చెయ్యి పెట్టమన్నాడు. నాకు వణుకు తప్ప ఏమీ తెలియలేదు. పదిహేను నిమిషాలు అలాగే పట్టుకుంటే ఒక తేడా దొరికింది. బురద మీద తాడు మెత్తగా, ఒకే రకంగా లాగుతుంది. గుల్లల మీదికి రాగానే అరచేతిలో గరగరమంటుంది, కంకర రోడ్డు మీద సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు.

డ్రెడ్జ్ పైకి రాగానే డెక్ మీద కుప్ప పోస్తారు. నలుగురు మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో చిన్న ఇనుప సుత్తితో, అతుక్కుపోయిన చిప్పల్ని విడదీస్తారు. మూడు అంగుళాలకు తక్కువున్నది తిరిగి నీళ్లలోకి. ఖాళీ గుల్ల కూడా నీళ్లలోకి. రెండు చిప్పలూ అతుక్కునే ఉండి, లోపల ప్రాణి లేకపోతే దాన్ని బాక్స్ అంటారు, అంటే ఎప్పుడో చచ్చిపోయినది. ఎనభైల చివర్లో రోగాలు ముదిరినప్పుడు డ్రెడ్జ్ నిండా బాక్సులే వచ్చేవని కెప్టెన్ చెప్పాడు. ఎంఎస్ఎక్స్, డెర్మో అని రెండు రోగాలు, తినే మనిషికి ఏమీ కాదు, చిప్పల్ని మాత్రం తుడిచిపెట్టేశాయి. 1880ల్లో ఏడాదికి కోటిన్నర బుషెళ్లు (బుషెల్ అంటే ఓ గంపెడు కొలత) తీసిన మేరీల్యాండ్ వైపు అఖాతంలో, 2003-04 సీజన్‌లో వచ్చింది దాదాపు 26 వేలు.

పదిన్నరకు గాలి పడిపోయింది. తెరచాప ఊరికే వేలాడింది. వెనకాల మోటారు పడవ చేతికందే దూరంలోనే ఉంది, కనుచూపు మేరలో ఇంకెవరూ లేరు. నాకే టెన్షన్‌గా ఉంది, అప్పటికి గంపలు సగం కూడా నిండలేదు. "దించొచ్చు కదా, ఎవరు చూస్తారు?" అన్నాను. ఆయన నా వైపు కూడా తిరగకుండా, "గాలి లేదంటే చిప్పలకి ఇవాళ సెలవు" అన్నాడు. రెండు గంటలు అలాగే కూర్చున్నాం. కుర్రాళ్లు శాండ్‌విచ్‌లు తిన్నారు, నేను పులిహోర డబ్బా తీశాను, అందరూ తలో ముద్ద తిన్నారు.

ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. మారడం చేతకాక ఆ పడవలు అలా ఉండిపోలేదు. ఆ నిదానమే సముద్రానికి దొరికే విశ్రాంతి. తెరచాపతోనే విపరీతంగా పట్టారు కదా అంటారా, నిజమే, ఆ కోటిన్నర బుషెళ్లలో అలా వచ్చినవీ చాలానే ఉన్నాయి. కానీ 1865లోనే ఇంజన్లకు తలుపులు తీసి ఉంటే మా అమ్మాయి పుట్టేనాటికి అక్కడ ఒక్క చిప్ప మిగిలేది కాదు. 2000ల మొదట్లో మామూలు మోటారు బోట్లకు కూడా కొన్నిచోట్ల డ్రెడ్జింగ్‌కి అనుమతి ఇచ్చారు. ఇంక తెరచాప ఎవడు ఎత్తుతాడు? కాలం వచ్చి వాళ్లను పక్కకు నెట్టలేదు, సంతకం పెట్టి నెట్టారు.

మాది తూర్పుగోదావరి. మా తాతగారి ఊరు తాళ్లరేవు, కోరంగి పక్కనే, ఒకప్పుడు చెక్క ఓడలు కట్టడానికి పేరున్న చోటు. ఆయన ఇంటి గోడలు గుల్ల సున్నంతో పూసినవి, వేసవిలో కూడా చల్లగా ఉండేవి. ఇక్కడా అంతే, పాత రోజుల్లో టన్నులకొద్దీ గుల్లల్ని రోడ్లకీ, సున్నానికీ, కోళ్ల దాణాకీ తరలించేశారు. ఆల్చిప్ప పిల్ల అతుక్కుని పెరగడానికి కావలసింది ఆ పాత గుల్లే. అది తెలిశాక మా తాతగారి గోడ గుర్తొచ్చి మనసు అదోలా అయింది.

మనవాళ్లతో నాకొక బాధ ఉంది, చెప్పేస్తాను. ప్రతి సమ్మర్‌లో ఈ అఖాతం మీది బే బ్రిడ్జి పక్కన పార్కులో పిక్నిక్ పెడతాం, రెండు వందల మంది వస్తాం, బిర్యానీ, అంత్యాక్షరి అన్నీ ఉంటాయి. ఇరవై ఏళ్లుగా ఆ నీళ్ల ముందు ఫొటోలు దిగుతున్నాం, ఆ నీళ్ల మీద ఎవరు బతుకుతున్నారని ఒక్కరం అడగలేదు. ఇంకో బాధ, రేవుల పక్కన కొత్తగా ఇళ్లు కొనుక్కున్నవాళ్లది. వ్యూ కోసం కోట్లు పోసి కొంటారు, తర్వాత తెల్లవారుజామున పడవల చప్పుడనీ, గుల్లల వాసననీ ఫిర్యాదు చేస్తారు. ఆ వాసన వాళ్లకంటే వందేళ్ల ముందు నుంచి అక్కడ ఉంది.

మూడేళ్ల క్రితం ఆ కెప్టెన్ వేట మానేశాడు. పనికి కుర్రాళ్లు దొరకలేదు. చెక్క పడవకు ఏటా పలకలు మార్చాలి, రంగు వెయ్యాలి, వచ్చేది దానికే చాలదు. ఇప్పుడు వేసవిలో డెక్ మీద బెంచీలు వేసి టూరిస్టులను తిప్పుతున్నాడు. పోయిన ఆగస్టులో మా అమ్మాయిని తీసుకెళ్లాను. చూపించడానికి ఒక్కసారి డ్రెడ్జ్ వేసి, వచ్చినవన్నీ మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు. ఆయన నన్ను గుర్తుపట్టి, మా అమ్మాయి చెయ్యి తీసుకుని తాడు మీద పెట్టాడు. అది కళ్లు మూసుకుంది. కాసేపటికి "నాన్నా, గరగరమంటోంది" అంది. కెప్టెన్‌కి తెలుగు రాదు కదా, అయినా దాని మొహం చూసి, డ్రెడ్జ్ పైకి లాగమని కుర్రాడికి సైగ చేశాడు.